బడి విడిచే వేళ, ఇల్లు చేరే వేళ

మలక్‌పేటను గురించి వ్రాయబూనిన వారు గుర్రపు పందేల మైదానంతోనో, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీది రేమాన్ సమాధితోనో ప్రారంభించడం పరిపాటి. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని మలిక్ యాకూబ్ పేరిట ఈ పేట వెలసిందని చెబుతారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1886లో పందేలను మౌలాలీ నుండి ఇక్కడికి మార్పించాడంటారు. ఇవన్నీ చదువుకోవడానికి ఇంపైన సంగతులే. కాని ఈ వ్యాసానికి వాటితో పనిలేదు. దీని విషయం మూడు గంటల కాలం మాత్రమే.

మధ్యాహ్నం మూడున్నర, నాలుగు గంటల ప్రాంతంలో ఇక్కడి బడులు విడుస్తారు. ఉద్యోగం చేసే తల్లి గాని తండ్రి గాని ఇంటి తాళం తీసేసరికి ఆరున్నర, ఒక్కొక్కప్పుడు ఏడు అవుతుంది. ఈ నడుమ కాలంలో ఆరేడేళ్ళ పిల్లవాడు ఎక్కడ ఉంటాడు, ఎవరి కంటి ముందు ఉంటాడు, ఎవరు అన్నం పెడతారు అన్నదే మలక్‌పేటలో ప్రతి శ్రామిక కుటుంబమూ ప్రతి దినమూ పరిష్కరించుకోవలసిన సమస్య. ‘ఉద్యోగం’ అన్న మాటను నేను విశాలార్థంలో వాడుతున్నాను. సచివాలయంలో గుమాస్తా, ఆసుపత్రిలో నర్సు, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణంలో అమ్మకపు పని చేసే యువతి, ఇండ్లలో పాచిపని చేసే అమ్మ, అందరూ ఇందులోనివారే. వీరి జీతాలలో ఎంత వ్యత్యాసం ఉన్నా ఆ మూడు గంటల విషయంలో ఉన్న వ్యత్యాసం చాలా స్వల్పం.

సమస్య ఎక్కడ పుడుతున్నదో ముందు చూడాలి. ఒక కుటుంబపు దినాన్ని ఒకే గడియారం నడపడం లేదు. నల్లా గడియారం వేరు, బడి గడియారం వేరు, కొలువు గడియారం వేరు, దారి గడియారం వేరు. వీటిని పెట్టినవారు వేర్వేరు శాఖలవారు. ఒకరు పెట్టిన వేళను మరొకరు అడిగి తెలుసుకొన్న దాఖలా కనబడదు.

నల్లా సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తిన పిమ్మట కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు మొదలుకొని 2004 నుండి అందుతున్న కృష్ణా జలాల వరకు నగరానికి నీరు చాలా దూరం నుండే వస్తున్నది. చాలా గల్లీలలో అది నల్లాలోకి దిగేది రోజు విడిచి రోజు. కాబట్టి ఒకే ఇంట్లో రెండు రకాల ఉదయాలు ఉంటాయి. నీళ్ళు వచ్చే ఉదయం డ్రమ్ములు, బిందెలు నింపడంతోనే గడిచిపోతుంది. ఆనాడు పిల్లల డబ్బాలోకి ఉప్మాయే గాని కూర వెళ్ళదు. మా అబ్బాయి తన డబ్బా మూత తీసి చూచి, నిన్న నీళ్ళు వచ్చాయో లేదో తోటివారికి చెప్పగలిగేవాడు.

బడి గడియారం ఇంతకంటె చిక్కైనది. ఎందుకంటే అది ఏడాది పొడుగునా ఒకే తీరున నడవదు. మార్చి నెల మధ్యనుండి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు ఎండల బారిన పడకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకే ఇంటికి పంపుతారు. అది అవసరమైన ఏర్పాటే, సందేహం లేదు. అయితే మూడు గంటల వ్యవధి ఒక్కసారిగా ఆరు గంటలవుతుంది. పైగా ఎండ తీవ్రంగా ఉండే ఆరు గంటలు. ఏప్రిల్ చివరి వారంలో వేసవి సెలవులు వస్తే అది పూర్తి దినమవుతుంది. జూన్ 12 వరకు అదే స్థితి. రంజాన్ మాసంలో ఉర్దూ మాధ్యమ పాఠశాలలు ఉదయం ఎనిమిది నుండి మధ్యాహ్నం ఒంటిగంటన్నర వరకే పనిచేస్తాయి. అక్క ఉర్దూ మాధ్యమంలోను, తమ్ముడు వేరొక ఇంగ్లీషు మాధ్యమంలోను చదివే ఇల్లు మన పేటలో అరుదు కాదు. అట్టి ఇంట్లో ఆ నెలంతా ఇద్దరిని రెండు వేళల్లో తీసుకురావాలి. ఇంట్లో పెద్దవారు ఉపవాసముండి ఆ పని చేస్తారు.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. అదే రంజాన్ మాసంలో ముస్లిం ప్రభుత్వోద్యోగులు సాయంత్రం నాలుగింటికే కార్యాలయం విడిచి వెళ్ళడానికి ప్రభుత్వం అనుమతిస్తుంది. ఒక్క ఉత్తర్వుతో వేలమంది కొలువు వేళ మారుతుంది. కార్యాలయాలు మూతపడవు, ఫైళ్ళు ఆగవు. గడియారపు ముల్లు జరపరానిదేమీ కాదని దీనివల్ల తెలుస్తున్నది.

కొలువు గడియారానికి వస్తే, మన పేటలో అన్నిటికంటె ముందు మేలుకొనేది వ్యవసాయ మార్కెట్టు. ఉల్లికి, మిరపకు ఈ గంజి పేరెన్నికగన్నది. లారీలు దిగే వేళకు హమాలీలు, ఏరివేత పనికి వచ్చే స్త్రీలు అక్కడ ఉండాలి. అప్పటికి ఏ బడీ తెరవరు. పసిబిడ్డను చంకనెత్తుకొని వెళ్దామంటే మిరప ఘాటుకు పెద్దవారికే తుమ్ములు ఆగవు. ఇక ఇంటివద్దనే కుట్టుపని, కార్చోబ్ పని చేసే తల్లులను గురించి చాలామంది, “ఇంట్లోనే ఉంటారు గదా, పిల్లలకు కొదువేమి?” అంటారు. ఇది తొందరపాటు మాట. వారికి కూలి గంట లెక్కన కాదు, పీసు లెక్కన. బిడ్డ లేచి ఏడ్చినప్పుడల్లా కూలి తగ్గుతుంది. సూది దారం పరచిన చాపమీదికి ప్రాకే బిడ్డను ఒక చేత్తో ఆపుతూ మరొక చేత్తో జరీ కుట్టే స్త్రీ ‘ఇంట్లో ఉన్నది’ అనడం ఎంతవరకు సబబో ఆలోచించాలి.

ఇక దారి. మలక్‌పేట మూసీకి దక్షిణపు ఒడ్డున ఉంది. ఇక్కడివారి కొలువులలో చాలా భాగం ఆవలి ఒడ్డున ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట, ఎల్.బి. నగర్‌ల నడుమ మెట్రో రైలు నడవడం ప్రారంభించాక మలక్‌పేట స్టేషనులో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ చేరుకోవడం సులభమైంది. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఛార్జీ లేకుండా ప్రయాణించే వసతి కలిగింది. దీనివల్ల నెలకు మిగిలే పైకం పేద తల్లికి తక్కువేమీ కాదు. బస్సు ఆగితే గదా అని గొణిగేవారు లేకపోలేదు. వారిలో నేనూ ఒకరిని. కాని ఈ సౌకర్యాలన్నీ వంతెన దాటగలిగిన నాటి మాట. గట్టి వాన కురిస్తే రైల్వే వంతెన క్రింద నీరు నిలుస్తుంది. జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసారాంబాగ్ పాత వంతెన మూసివేసేవారు. 2025 సెప్టెంబరు చివరి వారంలో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషను ఆవరణలోనికి నీరు వచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు బడులకు దసరా సెలవులు. పిల్లలు ఇక్కడ, పెద్దలు అక్కడ, నడుమ నది. ఆ సాయంత్రం మా గల్లీలో ఎంతమంది పిల్లలు ఎవరెవరి ఇండ్లలో అన్నం తిన్నారో లెక్క కట్టినవారు లేరు. తినని పిల్లవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మరి మామూలు రోజుల్లో ఆ మూడు గంటలను ఎవరు నింపుతున్నారు? ఉన్నవారికి అమ్మమ్మ, నానమ్మ ఉన్నారు. గ్రామాలనుండి వచ్చి కిరాయి ఇండ్లలో ఉండేవారికి ఆ భాగ్యం లేదు. వారికి దిక్కు పక్కింటివారు. మా ఇంటి సంగతే చెబుతాను. మేము నల్లగొండ జిల్లానుండి వచ్చి స్థిరపడినవారం. నా భర్త ఔషధాల కంపెనీ ప్రతినిధి. నెలలో సగం దినాలు ఊళ్ళు తిరగాలి. మా చిన్నవాడు ఒకటవ తరగతిలో చేరిన ఏడు ఒకనాడు కళాశాలలో పరీక్షల పని వల్ల నాకు ఆలస్యమైంది. స్కూలు ఆటో ఆనాడు రాలేదన్న కబురు నాకు అందలేదు. నేను వెళ్ళేసరికి బడి గేటుకు తాళం వేసి ఉంది. పిల్లవాడు లేడు. ఆ అర్ధగంట ఎట్లా గడిచిందో ఇక్కడ వ్రాయను. చివరకు వాడు మా ఎదురింటి ఖాలా గారి వాకిట్లో కూర్చుని బ్రెడ్డు తింటూ కనిపించాడు. ఆమె కూరగాయలకని వెళ్ళి, గేటువద్ద ఒంటరిగా ఉన్న వాణ్ణి గుర్తుపట్టి చేయి పట్టుకొని తీసుకొచ్చారు.

ఆనాటినుండి నేటివరకు వాడి సాయంత్రాలు ఆ ఇంట్లోనే గడుస్తున్నాయి. మొదటి నెల చివర నేను ఒక కవరులో కొంత పైకం పెట్టి ఇవ్వబోతే ఆమె, “పైసే కాయ్‌కూ బేటీ?” అని కవరు నా చేతిలోనే ఉంచి తలుపు వేసుకొన్నారు. పుచ్చుకోనివారి ఋణం తీర్చడం చాలా కష్టం. నేను ఆమెకు తెలుగులో వచ్చే నోటీసులు చదివి చెబుతాను. ఇంటిపన్ను రశీదు సరిచూస్తాను. మోకాళ్ళ నొప్పికి ఆసుపత్రికి తోడు వెళ్తాను. సంక్రాంతికి మా సకినాలు అటు వెళ్తే, ఈదుకు షీర్ ఖుర్మా ఇటు వస్తుంది. మావాడు ఆమెను ‘నానీ’ అంటాడు. ఉర్దూలో నూరు వరకు లెక్కపెడతాడు. తెలుగులో ఎనభై దాటితే తడబడతాడు. తెలుగు ఉపన్యాసకురాలి ఇంట్లో ఇది కొంచెం పరువు తక్కువ సంగతే.

ఇట్టి ఏర్పాట్లను చూచి మన మిశ్రమ సంస్కృతిని కీర్తించడం సులభం. నేనూ కీర్తిస్తాను. కాని ఇందులో ఒక లోపం ఉన్నది. ఇది ఒక వృద్ధురాలి మోకాళ్ళ మీద నిలిచిన వ్యవస్థ. ఆమెకు జ్వరం వచ్చిన దినం నాకు సెలవు పెట్టవలసిన దినం. నాకు సెలవు దొరుకుతుంది. పీసు లెక్కన కుట్టే తల్లికి, దుకాణంలో నిలబడే తల్లికి దొరకదు.

శాసనాలు లేవా అంటే, ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీ కార్మికులు ఒక సంఖ్యకు మించి ఉన్న కర్మాగారంలో క్రెష్, అనగా శిశు సంరక్షణశాల, ఉండాలని విధించింది. ఆ సంఖ్యను 1976 సవరణలో యాభై నుండి ముప్ఫైకి తగ్గించారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. యాభైమంది అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలనీ, తల్లి దినానికి నాలుగుసార్లు బిడ్డను చూచిరావచ్చుననీ నిర్దేశించారు. ఈ నిబంధనలు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ చోటు చేసుకొన్నాయి. చదవడానికి చక్కగా ఉన్నాయి. అయితే మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు రోడ్డుకు ఇరుప్రక్కలా ఉన్న దుకాణాలను లెక్కించి చూడండి. యాభైమంది పనిచేసేవి ఎన్ని? ముగ్గురు, నలుగురు పనిచేసేవే అధికం. పాచిపని చేసే అమ్మకు ‘సంస్థ’ అంటే నాలుగు వేర్వేరు వంటిండ్లు. యజమాని చేత క్రెష్ పెట్టించే శాసనం, చెప్పుకోదగిన యజమాని లేని తల్లిని చేరలేదు.

1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద అంగన్‌వాడీలు వచ్చాయి. మూడునుండి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలు, భోజనం అక్కడ లభిస్తాయి. పేదపిల్లల ఆరోగ్యానికి వాటి మేలు ఎంత చెప్పినా తక్కువే. కాని అవి తల్లి తిరిగివచ్చే వరకు తెరిచి ఉంచే ఉద్దేశంతో ఏర్పడినవి కావు. ఆరేళ్ళు దాటిన బిడ్డకు అక్కడ చోటు లేదు.

తండ్రులను మరచిపోలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు అందుకు దినానికి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఇంటిపనిలో చేయి వేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అసలు చేయి వేయని పురుషులు ఈ సగటులో లేనే లేరన్నది గుర్తుంచుకోవాలి. పదిహేను నుండి యాభైతొమ్మిదేళ్ళ వయసులో ఇంటివారి సంరక్షణకు స్త్రీలు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు ఇస్తున్నారు. మా గల్లీలో తెల్లవారుజామున నల్లావద్ద నిలబడే మగవారి సంఖ్య ఈ పదేళ్ళలో పెరిగిన మాట నిజం. సాయంత్రం బడి గేటువద్ద వారి సంఖ్య అంతగా పెరగలేదు.

ఇంతవరకు చెప్పినది మన కళాశాలకు ఏమి సంబంధమని కమిటీ పెద్దలు అడగవచ్చు. సంబంధం మన హాజరు పట్టికలోనే ఉంది. అమ్మమ్మ లేని ఇంట్లో, ఖాలా గారు లేని గల్లీలో, ఆ మూడు గంటలను నింపేది ఇంటి పెద్దకూతురు. ఆమె మన బి.ఏ., బి.కాం. తరగతులలో ముందు బెంచీలో కూర్చుని ఉంటుంది. మూడింటికి పుస్తకాలు సర్దుకొంటుంది. చివరి పీరియడు ఆమెకు ఉండదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నపు పీరియడ్లు ఏవీ ఉండవు. ఒక విద్యార్థినిని నేను చాలాకాలం అశ్రద్ధపరురాలనే భావించాను. తరగతిలో నాలుగు మాటలు అన్నాను కూడా. హాజరు 75 శాతానికి తగ్గినందున పరీక్షకు అనుమతి కోసం ఆమె వైద్యుని ధ్రువపత్రం తీసుకొచ్చింది. ఏమి జబ్బని అడిగితే తలవంచుకొని నిలబడింది. తరువాత తెలిసింది, జబ్బేమీ లేదు, ఇద్దరు తమ్ముళ్ళున్నారు. తమ్ముళ్ళను బడినుండి తీసుకురావడం అనే కారణానికి నియమావళిలో స్థానం లేదు గనుక ఆమె జ్వరం తెచ్చుకోవలసి వచ్చింది.

ఈ సందర్భంలో 1969వ సంవత్సరాన్ని జ్ఞప్తికి తెస్తాను. గాంధీజీ శతజయంతి ప్రదర్శన కోసం ఢిల్లీలో రాజ్‌ఘాట్ వద్ద నిర్మాణం జరుగుతుండగా, కూలి స్త్రీల బిడ్డలు మట్టిలో పడి ఉండడం చూచి మీరా మహదేవన్ అక్కడే ఒక శిశు సంరక్షణశాల ప్రారంభించారు. ‘మొబైల్ క్రెషెస్’ అనే సంస్థ అట్లా పుట్టింది. తల్లి ఎక్కడ పనిచేస్తే బిడ్డల సంరక్షణ అక్కడికి వెళ్ళాలన్నది దాని పద్ధతి. అదే శతజయంతి సంవత్సరంలో సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో మొదలైంది. ఆ పథకంలోని స్వచ్ఛంద సేవకులు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. మన విద్యార్థులు ఆ గంటలలో అధికభాగం ఆవరణలో గడ్డి పీకడానికి, ఊరేగింపులలో అట్టలు పట్టుకోవడానికి వినియోగిస్తున్నారు. గడ్డి మళ్ళీ మొలుస్తూనే ఉంది.

కొంచెం లెక్క వేద్దాం. ఒక యూనిట్‌లో నూరుగురు. ఒక్కొక్కరు 120 గంటల చొప్పున ఏడాదికి 12,000 గంటలు. సాయంత్రం మూడున్నర నుండి ఆరున్నర వరకు అయిదుగురు విద్యార్థులు కూర్చుంటే దినానికి పదిహేను గంటలు. ఏడాదిలో 200 పనిదినాలకు 3,000 గంటలు. అంటే యూనిట్ సేవాకాలంలో నాలుగవ వంతు. క్రింది అంతస్తులోని రెండు గదులు మూడు గంటల తరువాత ఖాళీగానే ఉంటున్నాయి. అక్కడ ముప్ఫైమంది పిల్లలు కూర్చుని ఇంటిపాఠం వ్రాసుకోవచ్చు. తెలుగు పిల్లలు అలిఫ్, బే నేర్చుకోవచ్చు. ఉర్దూ పిల్లలు గుణింతం దిద్దవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, వారి అక్క పై అంతస్తులో చివరి పీరియడు వినవచ్చు.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. పిల్లవాడు మెట్లమీద పడితే బాధ్యత ఎవరిది? కాబట్టి ప్రతిదినం ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో వంతు ప్రకారం ఉండాలి. పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించారో సంతకంతో నమోదు చేసే రిజిస్టరు ఉండాలి. ముందుగా పేరు వ్రాయించిన ఇద్దరికి తప్ప మరెవరికీ అప్పగించరాదు. చిన్నపిల్లలకు మరుగుదొడ్డి, త్రాగునీరు చూడాలి. ఒంటిపూట బడుల కాలంలో మధ్యాహ్నపు ఎండకు ఆ గదులలో రెండు ఫంకాలు చాలవు. విద్యార్థుల పరీక్షల దినాలలో ఎవరు కూర్చుంటారన్నది తేలవలసిన ప్రశ్న. దానికి నావద్ద ఇంకా సమాధానం లేదు. వంతులో కూర్చునే అయిదుగురిలో కనీసం ఇద్దరు అబ్బాయిలు ఉండాలన్నది మాత్రం నా పట్టుదల. లేకుంటే ఇంట్లో అక్క చేసే పనినే ఇక్కడా అక్కల చేత చేయించినట్లవుతుంది.

ఈ విషయం కమిటీ సమావేశానికి వ్రాతపూర్వకంగా సమర్పించాను. జూలైలో పరిశీలిస్తామని పెద్దలు అన్నారు. బడులు జూన్ 12న తెరుస్తారు. మా ఎదురింటి ఖాలా గారు మే నెలలో కుమారుని వద్దకు జిద్దా వెళ్తున్నారు. మోకాళ్ళకు అక్కడే వైద్యం చేయిస్తారట. టికెట్టు వచ్చింది. మావాడు నానీ ఎప్పుడు తిరిగివస్తారని అడిగితే ఆమె వ్రేళ్ళమీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపి, వాడికి బ్రెడ్డు తేవడానికి లోపలికి వెళ్ళారు.